చీకట్లో బుడగలు

ఆ గాజుపెట్టెను అల్మారాలో పెట్టి తలుపు మూసింది సావిత్రే.

ఈ ముక్క బయటివాళ్లెవరికీ తెలియదు. మూడు రోజులుగా అది ఆమె గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. ఇప్పుడు ఎదురుగా స్టూలు మీద కూర్చున్న మనిషి తీరు చూస్తే, వేలు పెట్టి లాగేలాగే ఉన్నాడు.

ఆయన పేరు లియాఖత్ అలీ. కాజీపేట రైల్వే పోలీసులో చాలా ఏళ్లు దొంగల్ని పట్టి, రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక గుమ్మానికి ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకున్నాడు. బోర్డు చూసి నవ్వినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆయన ఎదుట కూర్చుని నవ్వినవాళ్లు మాత్రం తక్కువ. నెరిసిన గడ్డం, మడత నలగని తెల్ల చొక్కా, పోగొట్టుకున్న వస్తువేదో వెతుకుతున్నట్టు తాపీగా తిరిగే కళ్లు.

“జర నీళ్లు తాగు బిడ్డా,” అన్నాడాయన. “మొదటికెల్లి చెప్పు. నేను పెద్ద చదువులు చదివినోణ్ని గాదు. మీరీడ ఏం చేస్తరో నాకు సమజయ్యేటట్టు చెప్పాలె.”

ఈ భాగం సావిత్రి నిద్రలో లేపినా చెప్పగలదు. పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా దేశం గుండె ఆగినంత పనవుతున్న రోజులవి. నీళ్లలో హైడ్రోజన్ ఉంది; ఎండ బలంతో నీళ్లను విడగొట్టి దాన్ని పట్టుకుంటే ఇంధనం దొరికినట్టే. హన్మకొండలోని ఈ సైన్సు కాలేజీలో ప్రొఫెసరు గారు, ఆయన దగ్గర రీసెర్చి చేస్తున్న సావిత్రి, మొగిలి, ఆ పని మీదే ఉన్నారు. ఇనుప పలకను కొలిమిలో కాల్చి ఎర్రటి తుప్పు పొర ఎక్కిస్తారు. కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు గాజుపెట్టెలో పోసి, పలకను అందులో ముంచి, మేడ మీద ఎండలో పెడతారు. బుడగలు వస్తాయి. వాటిని గొట్టంలో పట్టి అగ్గిపుల్ల చూపిస్తే ‘టప్’మంటుంది. అలా అంటే హైడ్రోజనే, అందులో అనుమానం లేదు.

“దాని మీద విదేశీ పత్రికలో వ్యాసం వచ్చింది,” అంది సావిత్రి. “ఇక్కడి పేపర్లో కూడా మా ఫోటో వేసిండ్రు.”

ఆ ఫోటోలో గాజుపెట్టె వెనక ప్రొఫెసరు గారు నడుమ, వీళ్లిద్దరూ చెరోపక్క. కొత్తవాడలో జంపఖానాలు నేసే సావిత్రి తండ్రి దాన్ని కత్తిరించి, మగ్గం పక్క గోడకు అన్నం మెతుకులతో అంటించాడు. వాడకట్టంతా వచ్చి చూసిపోయింది. ఆ గోడ వైపు చూడకుండా అన్నం తినడం ఎలాగో సావిత్రి ఈ మధ్యే నేర్చుకుంది.

“ఎండ లేకుంటే బుడగలు వస్తయా?” లియాఖత్ అలీ ఆరా తీశాడు.

“రావు.”

“నిన్న సీఐ ఎల్లస్వామికి గదే రాసిచ్చినవట.”

“అవును.”

“నిజమేనా?”

“మా వ్యాసంలో ఉన్నదే రాసిచ్చిన సర్.”

“వ్యాసంల ఏమున్నదని నేనడగలే బిడ్డా,” అన్నాడాయన మెత్తగానే. “నిజమేనా అని అడిగిన.”

సావిత్రి చెవులు వేడెక్కాయి. ఆమె గ్లాసెత్తి నీళ్లు తాగింది. ఆయన సమాధానం కోసం పట్టుబట్టలేదు. సిగ్గుపడే మనిషిని తొందరపెడితే గట్టిపడిపోతుందని ఆయనకు సర్వీసులో అనుభవమే.

మొన్న సోమవారం పొద్దున జరిగింది ఇదీ. అటెండర్ గట్టయ్య అందరికంటే ముందొచ్చాడు. లాబొరేటరీ వెనక కిటికీలు లేని స్టోరు గది ఉంది. అక్కడే రోజూ టీ కాచుకుంటాడు. కిరసనాయిలు స్టవ్ వెలిగించి, చాయ్‌పత్తా డబ్బా కోసం పక్కనున్న చెక్క అల్మారా తలుపు తీశాడు. తీయగానే అల్మారా పేలింది. గాజు ముక్కలు, కాస్టిక్ నీళ్లు మొహం మీద పడ్డాయి. ఇప్పుడు దవాఖానలో కళ్లకు కట్టుతో పడుకుని ఉన్నాడు. చూపు వస్తుందో రాదో డాక్టర్లు చెప్పడం లేదు.

ఆ మధ్యాహ్నమే పోలీసులు మొగిలిని పట్టుకుపోయారు. వాడి హాస్టలు గదిలో ఎర్రజెండా బొమ్మ ఉన్న కరపత్రాలు దొరికాయి. గాజుపెట్టెను సాయంత్రం ఖాళీ చేసి కడిగిపెట్టే పని కూడా వాడిదే. ఖాళీ చేశానని వాడు చెప్పాడు. అల్మారా నిండా కాస్టిక్ చింది ఉంది. ఇంక బాంబు కాక ఏమిటన్నాడు సీఐ.

మొగిలి తండ్రి రైల్వే గ్యాంగ్‌మన్‌గా పనిచేస్తూ పట్టాల మీదే పోయాడు. తల్లి సమ్మమ్మకు పోలీసు అంటే తెలిసిన ఒకే ఒక్క మనిషి లియాఖత్ అలీ. ఆమె వచ్చి ఆయన గడపలో కూలబడింది. అలా ఈ కేసు ఆయన చేతికొచ్చింది.

“పద, ఆ గది చూద్దాం,” అంటూ లేచాడాయన.

స్టోరు గదిలో ఇంకా మాడిన చెక్క వాసన ఉంది. అల్మారా పై అరలు ఎగిరిపోయాయి. ఒక తలుపు బందుకు వేలాడుతోంది. లియాఖత్ అలీ చేతులు వెనక్కి కట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు. గోడకు గానీ, గచ్చుకు గానీ మందుగుండు మసి లేదు. మేకులు లేవు, రేకు ముక్కలు లేవు. ఉన్నవల్లా గాజు పెంకులు, ఒక ఇనుప పలక, దాని వెనక నుంచి వేలాడుతున్న కురచ తీగ.

“ఈ తీగ దేనిది?”

“అల్యూమినియం. ముందు రాగి తీగ పెట్టినం. పచ్చగా కిలుం పట్టి కొలతలు పాడైతున్నయని మార్చినం.”

“ఎంత పొడుగు ఉండాలె?”

“మూరెడు. చుట్ట చుట్టి పలక వెనక అంటిస్తం.”

“మరి ఇది బెత్తెడు గూడ లేదు. కొస చూడు, ఎలుక కొరికినట్టు ఎట్లున్నదో. మిగిలింది ఏమైంది?”

“పేలుడులో తెగి పడిందేమో.”

“తెగిన ముక్క ఈ గదిల లేదు. నిన్న పొద్దుగూకేదాక ఊడ్చి చూసిన.” ఆయన వంగి, వేలాడుతున్న తలుపు లోపలి వైపు చూపించాడు. “ఇదేంది?”

తెల్ల రంగు వేసిన చెక్క మీద పైనుంచి కిందికి ధారలు కట్టిన మరక. ముదురు వంకాయ రంగు.

“తుప్పు మరక సర్.”

“బిడ్డా, నేను రైలు పట్టాల పొంటి తిరిగి ముసలోణ్ని అయిన. తుప్పు రంగు నాకు నేర్పకు.”

సావిత్రి తల వంచుకుంది. ఏడాది పాటు రోజూ సాయంత్రం గాజుపెట్టె అడుగున ఆ రంగు కనబడేది. తుప్పే కరుగుతోందని ముగ్గురూ అనుకున్నారు. అనుకోవడం హాయిగా ఉండేది కాబట్టి అనుకున్నారు.

లియాఖత్ అలీ లాబొరేటరీలోకి తిరిగి వచ్చాడు. సావిత్రి బల్ల మీద, స్పిరిట్ దీపం పక్కన, ముదురెరుపు కడ్డీ ఒకటి సగం కరిగి ఉంది. తీసి వాసన చూశాడు. ఆయన మొహంలో ఏదో మెత్తబడింది.

“లక్క,” అన్నాడు.

“అవును సర్. అల్యూమినియానికి కాస్టిక్ తగిలితే కరిగిపోతది. తగలకుండా తీగంతా మూసెయ్యాలె. దానికి విదేశీ జిగురు తెప్పించుమని రాస్తే ఎంతకూ రాలేదు. అందుకని లక్క కరిగించి పూస్తున్నం. రోజూ పొద్దున కొత్త పూత వేస్తం.”

“మా అమ్మీ హుసేన్‌బీ మట్టెవాడల లక్క గాజులు చేసి అమ్మేది,” అన్నాడాయన కడ్డీని వేళ్ల మధ్య తిప్పుతూ. “గాజులు తొడిగి, ప్రతి ఆడామెకు ఒకటే మాట చెప్పేది. సోడా ఏసి బట్టలు ఉతికేనాడు తీసి పక్కన పెట్టమ్మా అని. ఇనకుండ ఉతికినోళ్లు మళ్ల వచ్చి లొల్లి పెట్టేది, గాజులు జిగటపడ్డయ్, నీళ్లు వంకాయ రంగైనయ్ అని. బట్టల సోడకే గట్లయితే, మీ కాస్టిక్‌కు ఏం కావాలె?”

సావిత్రి బల్ల అంచు పట్టుకుంది.

ఎవరో తన చీర కొంగు బజారులో లాగినట్టనిపించింది ఆమెకు. ఎమ్మెస్సీలో గోల్డు మెడల్ తీసుకున్న మనిషి తను. లక్క క్షారంలో కరుగుతుందని పుస్తకంలో ఎక్కడో చదివే ఉంటుంది. పరీక్షలో వస్తే రాసి ఉండేది. తన చేత్తో రోజూ పూస్తున్న లక్క దగ్గర మాత్రం ఆ ముక్క గుర్తుకు రాలేదు.

“ఎప్పుడు తెలిసింది నీకు?” అన్నాడు లియాఖత్ అలీ.

ఇంక దాచడానికి ఓపిక లేకపోయింది.

“పది రోజుల కింద,” అంది. “ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఎండ లేదు, ఒకటే ఉక్క. బుడగలు రావద్దు. కానీ రోజూ వచ్చినట్టే వచ్చినయి. అప్పుడు అనుమానమొచ్చింది, ఇది వెలుగు పని కాదేమో, వేడి పనేమో అని. నీళ్లు వేడెక్కంగనే లక్క కరుగుతది. తీగ బయటపడుతది. తీగను కాస్టిక్ తినుడుతోనే హైడ్రోజన్ వస్తది. తుప్పు పలక ఉత్తదే సర్. ఎండ ఉత్తదే.”

“మరి చీకట్ల పెట్టి చూడలేదా మీరు, ముందే?”

“చూసినం. కొత్త పూత వేసి, చల్లటి నీళ్లలో ముంచి, నల్లగుడ్డ కప్పి అరగంట ఆగినం. ఒక్క బుడగ రాలేదు. గుడ్డ తీసి ఎండలో పెట్టంగనే కాసేపటికి మొదలైనయి. సంబరపడి, చీకట్లో గ్యాసు రాదని రాసేసినం. ఆ అరగంటలో లక్క ఇంకా కరగలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.”

“అనుమానమొచ్చినంక ప్రొఫెసరు సాబ్‌కు చెప్పలే?”

“ఆయన ఢిల్లీ పోతున్నరు, ఈ పని గురించే మాట్లాడటానికి. సూట్‌కేసు సర్దుకుంటున్నరు. ఆడపిల్ల లాబొరేటరీల నిలబడదని అందరంటే నన్ను చేర్చుకున్న మనిషి. ఏ మొహం పెట్టుకొని చెప్పాలె? ముందు నేనొక్కదాన్నే చూసి తేల్చుకుందామనుకున్న. ఆదివారం సాయంత్రం మొగిలిని నువ్వు పో, పెట్టె నేను కడుగుత అని పంపిన. కడగలేదు. అట్లనే తీసుకపోయి అల్మారాల పెట్టి తలుపు మూసిన. పొద్దున అందరికన్నా ముందొచ్చి చూద్దామని. గట్టయ్య నాకంటే ముందొచ్చిండు.”

చెప్పేసి మొహం రెండు చేతుల్లో దాచుకుంది. ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చి ఉంటే కొంచెం మర్యాదగా ఉండేదనిపించింది.

నిన్న దవాఖానకు పోయింది కూడా. గట్టయ్య భార్య యాకమ్మ ఆమెను చూసి లేచి, కూర్చోమని స్టూలు తుడిచింది. “మీరు చదువుకున్నోళ్లు, మీరే జర డాక్టరును అడుగుండ్రమ్మా, చూపు వస్తదా అని,” అంది. సావిత్రి అడిగి వస్తానని చెప్పి, వెనక గేటు నుంచి బయటపడింది. అది కూడా చెప్పాలా ఈయనకు? చెప్పలేకపోయింది.

“ఇదే మాట ఎల్లస్వామికి చెప్తవా?” అన్నాడు లియాఖత్ అలీ.

ఆమె స్పిరిట్ దీపం మూత సవరించింది. ఆయన నిట్టూర్చి చొక్కా చేతులు మడిచాడు.

“అయితే ముందు నాకు చూపించు. ఉత్త మాట నమ్మేటోడు గాదు వాడు. నేను గూడ గాదు.”

సావిత్రి లేచింది. చేతులు వాటంతట అవే పని చేసుకుపోయాయి. చిన్న గాజు జాడీలో నీళ్లు పోసి కాస్టిక్ బిళ్లలు వేసింది. కరుగుతూనే జాడీ వేడెక్కింది. తుప్పు పలక వెయ్యలేదు. మూరెడు అల్యూమినియం తీగను చుట్ట చుట్టి, లక్క పూసి, ఆరనిచ్చి అందులో ముంచింది. పైన గాజు గొట్టం బోర్లించింది. లియాఖత్ అలీ దాన్ని ఎత్తుకుపోయి స్టోరు గదిలో మూల బల్ల మీద పెట్టి, నల్లగుడ్డ కప్పి, గది తలుపు వేశాడు.

ఇద్దరూ గుమ్మం బయట నిలబడి ఉండగా మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

సీఐ ఎల్లస్వామి వచ్చాడు. ఒకప్పుడు కాజీపేటలో లియాఖత్ అలీ కింద పని నేర్చుకున్నవాడే. ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే ఆయనకు ఒళ్లు మండుతుంది. లియాఖత్ అలీ కనబడ్డ ప్రతిసారీ గుర్తుకొస్తూనే ఉంటుంది.

“ఏం అలీ సాబ్, ఈ వయసుల సైన్సు చదువుతాన్రా?” అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు కళ్లదాకా వెళ్లలేదు.

“పరీక్ష మధ్యల ఉన్న ఎల్లస్వామీ. జర లొల్లి చెయ్యకు.”

“పరీక్ష నేనెప్పుడో రాసిన. కేసు క్లియర్. కిటికీ లేని గది, మూసిన అల్మారా, సూర్యుడు ఇంకా లెవ్వనే లేదు. ఎండ తగలంది వీళ్ల పెట్టెల గ్యాసు పుట్టదు. మరి పేలింది ఏంది? ఎవడో పెడితేనే గద. ఈ మాట నేను అంటలేను సాబ్. ఈ అమ్మనే రాసి సంతకం పెట్టింది. పేపర్ల పడ్డ సైంటిస్టు మాట నమ్మాల్నా, గ్యాంగ్‌మన్ కొడుకు మాట నమ్మాల్నా?”

సావిత్రి నేల వైపు చూసింది. తను రాసింది అబద్ధమని తనకు తెలుసు. వ్యాసంలో ఉన్నదే కదా అని సర్దిచెప్పుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చింది. ఆ అబద్ధం మొగిలి మెడకు తాడులా బిగిసిందని ఇప్పుడు ఎల్లస్వామి నోటి నుంచి వింటోంది.

“మసి యాడున్నది?” అన్నాడు లియాఖత్ అలీ.

“ఏం మసి?”

“మందుగుండు పేల్తే గోడకు మసి వస్తది. వాసన వస్తది. మేకో రేకో దొరుకుతది. నీకు ఏం దొరికింది, గాజు పెంకులు తప్ప?”

“కొత్త రకం బాంబు.”

“మంచిగున్నది. దొరకని దానికల్లా కొత్త రకం అని పేరు పెడితే పోలీసోళ్లకు ఫికరే ఉండదు.”

“సాబ్, మీరు పాత కాలపోళ్లు. జేబుదొంగలు వేరు, వీళ్లు వేరు. గదిల కరపత్రాలు దొరికినయ్...”

“కరపత్రం పేలదు ఎల్లస్వామీ. రా, ఏం పేల్తదో చూపిస్త.”

తలుపు తీసి ముగ్గురూ లోపలికి వెళ్లారు. లియాఖత్ అలీ వెనక తలుపు మూసేశాడు. గదిలో కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. ఎల్లస్వామి ఏదో అనబోతే ఆయన ‘ష్’ అన్నాడు.

చీకట్లో చప్పుడు వినిపించింది. సన్నగా, ఎడతెగకుండా, అటుకులు నానుతున్నట్టు చిటచిట. ఆ చప్పుడు పగటిపూట వింటే సావిత్రికి ఎంత గర్వంగా ఉండేదో! చీకట్లో వినాలన్న ధైర్యం ఏడాదిలో ఒక్క రోజూ ఆమెకు రాలేదు.

లియాఖత్ అలీ టార్చి వెలిగించి గుడ్డ తీశాడు. జాడీలో నీళ్లు వంకాయ రంగుకు తిరిగాయి. తీగ మీది లక్క పూత పొక్కులు పొక్కులుగా ఊడి, ఆ సందుల్లోంచి బుడగలు పొర్లుకొస్తున్నాయి. ఆయన గొంతు తగ్గించి, “తీయి బిడ్డా, నీకే తెలుసు ఎట్ల తీయాలో,” అన్నాడు. సావిత్రి గొట్టం మూతికి వేలు అడ్డం పెట్టి పైకి తీసింది. జాడీకి దూరంగా గుమ్మం దగ్గరికి తీసుకొచ్చి, వేలు తీసి అగ్గిపుల్ల చూపించింది.

టప్‌మంది.

ఎల్లస్వామి ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

“సూర్యుడు కనబడ్డడా నీకు?” అన్నాడు లియాఖత్ అలీ. “ఇది వేలెడు గొట్టం. రాత్రంతా మూసిన అల్మారాల నిండితే ఎంతుంటదో లెక్క నువ్వే ఏసుకో. గట్టయ్య స్టవ్ ఎలిగించి తలుపు తీసిండు.”

“మరి గా పెట్టెను అల్మారాల ఎవరు పెట్టిండ్రు?”

లియాఖత్ అలీ సావిత్రి వైపు చూడలేదు. చూసి ఉంటే ఆమె మళ్లీ నేల వైపు చూసేదేమో. ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

మగ్గం పక్క గోడ మీద ఫోటో ఆమె కళ్ల ముందు మెదిలింది. దాన్ని నాన్న ఎలా చింపుతాడు? చింపడు, గోరుతో గీకుతాడు. వాడకట్టు వాళ్లు ఏమయ్యిందని అడుగుతారు. ప్రొఫెసరు గారు ఢిల్లీ నుంచి దిగుతారు. అన్నీ జరుగుతాయి.

“నేనే పెట్టిన,” అంది సావిత్రి. “మొగిలికి తెలియదు. నిన్న మీకు రాసిచ్చింది అబద్ధం. మా వ్యాసం తప్పు. మా ప్రయోగమే తప్పు. రాసుకోండి, మళ్ల సంతకం చేస్త.”

గదిలోంచి వెలుగులోకి వచ్చారు. ఎల్లస్వామి కోపం తెచ్చుకుంటాడనుకుంది, కనీసం తిడతాడనుకుంది. ఆయన టోపీ తీసి లోపలి అంచు చూస్తూ నిలబడ్డాడు.

“రాత్రి మొగిలి ఒప్పుకున్నడు,” అన్నాడు చివరికి. “పెట్టెను తనే అల్మారాల పెట్టినని. కావాల్ననే పెట్టినని. సంతకం పెట్టిండు.”

“అబద్ధం!” అంది సావిత్రి. “వాడికేం తెలుసు? వాడెందుకు ఒప్పుకుంటడు?”

లియాఖత్ అలీ ఆమె వైపు తిరిగాడు. ఆ కళ్లు ఇప్పుడు వెతకడం మానేశాయి.

“బిడ్డా, సాయంత్రం కాంగనే పెట్టె ఖాళీ చేసి కడగాలె అనే నియమం ఎవరు పెట్టిండ్రు?”

“మొగిలే. కాస్టిక్ రాత్రంతా ఉంటే గాజు పాడైతదని అన్నడు. మేం సరే అన్నం.”

“ఎప్పటికెల్లి?”

ఆమె లెక్కేసుకుంది. పేపర్లో ఫోటో పడిన మరుసటి వారం నుంచి. అంతకు ముందు రెండు రోజులకో మూడు రోజులకో కడిగేవాళ్లు.

“నిన్న లాకప్‌ల నన్ను చూసి ఒక్కటే మాటన్నడు,” అన్నాడు లియాఖత్ అలీ. “చాచా, సావిత్రక్కను ఏం అడగకుండ్రి, అక్క ఇజ్జత్ పోతది, అని. అప్పుడు నాకు సమజ్ కాలే. ఏదో ఓ సాయంత్రం, పొద్దు గూకినంక, వాడు పైకొచ్చి బుడగలు చూసినట్టున్నడు. ఆ చప్పుడు ఇంకెవరికీ వినపడొద్దని, పొద్దు గూకకముందే పెట్టె కడిగేస్తున్నడు. మీకు తెలిస్తే మీ మొహాలు ఎట్ల చూడాల్నో వానికి తెలియలే.”

ఏడాదిగా ఒకే బల్ల మీద పని చేశారు ఇద్దరూ. ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నారు. ఒకరికి తెలిసింది రెండోవాళ్లకు తెలియనివ్వకూడదని ఇద్దరూ తంటాలు పడ్డారు. సావిత్రికి ఎక్కడైనా కూర్చోవాలనిపించింది. కూర్చోవడానికి కూడా సిగ్గనిపించింది.

“నన్ను స్టేషన్‌కు తీసుకపోండి సర్,” అంది ఎల్లస్వామితో. “వాడి ముందే చెప్త.”

ఎల్లస్వామి టోపీ పెట్టుకోలేదు. ఆమె వైపు గానీ, గురువు వైపు గానీ చూడలేదు.

“మొగిలి స్టేషన్‌ల లేడు,” అన్నాడు. “సంతకం అయినంక నా చేతులకెల్లి పోయింది కేసు. పొద్దుగాల స్పెషల్ పార్టీ వచ్చింది. జీపుల ఎక్కిచ్చుకొని పోయిండ్రు.”

“కోర్టుకేనా?” లియాఖత్ అలీ గొంతు మొదటిసారి గరుకైంది.

“కోర్టు ఇటు దిక్కున్నది సాబ్.” అన్నాడు ఎల్లస్వామి. “జీపు ములుగు దిక్కు పోయింది.”

ములుగు దిక్కు ఏముందో ముగ్గురికీ తెలుసు. అడవి ఉంది. ఆ దారిన వెళ్లిన కొందరి గురించి తెల్లారి పేపర్లో ఎదురుకాల్పులని నాలుగు వరసలు పడతాయి. నాలుగూ ఎప్పుడూ ఒకే రకంగా ఉంటాయి.

“వైర్‌లెస్‌ల ఆపు!” అని అరిచాడు లియాఖత్ అలీ. “నువ్వు నా శిష్యునివి అని నేను ఇంకా చెప్పుకోవాల్నంటే, ఉరుకు!”

ఎల్లస్వామి ఉరికాడు. మెట్ల మీద బూట్లు తడబడ్డ చప్పుడు కిందిదాకా వినిపించింది. లియాఖత్ అలీ అప్పటికే స్కూటరు తాళం చెవి తీశాడు.

“ఎక్కు బిడ్డా. నేను చెప్తే ఆగరు. పెట్టె నేనే పెట్టిన అని నీ నోటితోటి చెప్పాలె, జీపుకు అడ్డం నిలబడి చెప్పాలె. చెప్తవా?”

“చెప్త,” అంది సావిత్రి.

స్కూటరు గేటు దాటింది. ఎండ మొహాన కొట్టింది. కాస్టిక్ అంటి మండుతున్న వేళ్లను ఆమె కొంగులో చుట్టుకుంది. నిన్న మధ్యాహ్నం స్టేషన్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి ఆ కాగితం రాయించారు. రాసి లేస్తుంటే, లోపల ఊచల వెనక ఎవరో దగ్గారు. మొగిలి దగ్గే అది, ఆమెకు తెలుసు. ఆమె తల తిప్పకుండా బయటికి నడిచింది.